జేబులో ఉండిపోయిన ఫ్యూజు

ముందు చప్పుడు వినిపించింది. తడి గాజు మీద రబ్బరు జారే చప్పుడు. కిర్రుమంటూ పొడవాటి గీత ఒకటి, కాస్త విరామం, మళ్లీ ఇంకో గీత. తుకారాంగేట్ దాటి మారేడ్‌పల్లి వైపు తిరిగే సందులో, ఇంకా తెల్లవారని ఆకాశం కింద, పైనెక్కడో ఎవరో మిగిలిన చీకటిని తుడుస్తున్నారు. పట్టాల వైపు నుంచి ఒక ఇంజను కూసింది. కూత సాగినంతసేపు పైన చప్పుడు ఆగింది. కూత చల్లారాక మళ్లీ మొదలైంది.

"కూత అయ్యేదాంక చెయ్యి ఆపుతడు సార్," అంది కల్పలత గేటు తీస్తూ. "ఎందుకు నాయినా అంటే, బండి కదులుతదేమో చూసుకోవాలె గద అంటడు. ఇంటి మీద బండి ఏడికి కదులుతది?"

కల్పలత ఫిజియోథెరపిస్టు. నా భుజం పట్టేసినప్పుడు రెండు నెలలు మా ఇంటికొచ్చి వ్యాయామం చేయించింది. చెయ్యి నొప్పితో పైకి లేస్తున్నప్పుడు మరిపించడానికి వాళ్ల నాన్న కబుర్లు చెప్పేది. భుజం బాగయింది, ఆమె రావడం మానేసింది, కబుర్లు సగంలో ఆగిపోయాయి. మిగతా సగం కోసం ఆ ఉదయం వెళ్లాను.

మెట్లెక్కితే మనిషి కనిపించాడు. సన్నగా, నిటారుగా, పాత ఖాకీ చొక్కాతో, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో. చేతిలో పొడవాటి కర్ర, దాని చివర రబ్బరు పట్టీ. ఎదురుగా రెండు వరుసల్లో పది సోలార్ ప్యానెళ్లు ఇనుప స్టాండ్ల మీద దక్షిణానికి వాలి ఉన్నాయి. తడిసిన వాటిలో తెల్లబడుతున్న ఆకాశం దిగి ఉంది. తడవని రెండింటి మీద నిన్నటి దుమ్ము ఉంది.

"జెర సూసి రాండ్రి సారూ, గా పైపు మీద కాలు పెట్టకుండ్రి," అన్నాడు బిక్షం. పలకరింపు అంతే. మళ్లీ కర్ర ఎత్తాడు.

ఆయన వయసు అరవై ఎనిమిది. రైల్వేలో ట్రైన్ లైటింగ్ ఫిట్టరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. బోగీల్లో లైట్లు వెలగాలన్నా, ఫ్యాన్లు తిరగాలన్నా ఆయన చేతుల మీదుగా వెళ్లాలి. బోగీ కింద, పట్టాలకు కాస్త ఎత్తులో బ్యాటరీలుండేవి. పక్కనే డైనమో. ఇరుసు నుంచి బెల్టు వేసి బిగించిన ఆ డైనమో, చక్రాలు తిరిగినంతసేపూ బ్యాటరీలను నింపేది. రైలు ఆగితే నింపడమూ ఆగేది. సిగ్నలు దగ్గర గంటల తరబడి నిలిచిపోయిన పాత ప్యాసింజరు బండ్లలో లైట్లు పలచబడి, పసుపుబారి, చివరికి తీగ మాత్రమే ఎర్రగా మిగలడం చూసినవాళ్లకు ఆ సంగతి గుర్తుంటుంది.

"గది ఉరికితే నిండేది. ఇది నిలవడితే నిండుతది," అన్నాడు బిక్షం కింద పోర్టికోలో ఉన్న తెల్ల కారు వైపు గడ్డం ఊపి.

చీపురుతో మెట్లు ఊడుస్తున్న భార్య బాలమ్మ కింది నుంచే అందుకుంది. "ఈయన మాత్రం ఉరికినా నిండడు, నిలవడ్డా నిండడు. పొద్దుగాల నుంచి మూడు చాయలు తాగిండు."

"రెండే."

"మూడు. గిలాసలు నేను కడుగుతున్న. నువ్వా?"

కరెంటుతో నడిచే ఆ కారు కల్పలతది. పెళ్లయ్యాక కూడా ఆమె ఇదే ఇంటి పై వాటాలో ఉంటోంది. భర్త మెట్రోలో ఆఫీసుకు వెళ్లిపోతాడు. కారు ఆమె పనికే. పొద్దున ఆరున్నరకు బయల్దేరి అల్వాల్, కొంపల్లి, రాంగోపాల్‌పేట్ అంటూ ఇళ్లు తిరుగుతుంది. కొత్తగా ఆపరేషనయిన మోకాళ్లు, బిగుసుకున్న భుజాలు, పక్షవాతం వచ్చి మాట వినని చేతులు. పదింటికి ఇల్లు చేరుతుంది. ముసలివాళ్లు మధ్యాహ్నం నిద్రపోతారు కాబట్టి మళ్లీ నాలుగున్నరకే పని. ఆ మధ్య గంటలన్నీ కారు నీడలో నిలబడి ఉంటుంది. ఎండేమో ఇంటి మీద నిలబడి ఉంటుంది. ఆ రెండింటినీ ఒక తీగతో కలపాలన్న ఆలోచన బిక్షానిదే.

రెండేళ్ల కిందట ప్యానెళ్లు పెట్టించినప్పుడు ఆయన ఒక పట్టు పట్టాడు. కారుకు ఎండ కరెంటే వెళ్లాలి. చార్జరులో అలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. ప్యానెళ్లు కరెంటు ఇస్తుంటేనే కారులోకి పంపుతుంది, లేకపోతే నీలం దీపం మినుకుమనిపిస్తూ ఎదురుచూస్తుంది. కరెంటు ప్రవహించడం మొదలవగానే దీపం ఆకుపచ్చగా మారుతుంది. వానాకాలంలో మబ్బు వారాల తరబడి కూర్చుంటే కల్పలత ఫోనులో ఆ ఏర్పాటు మార్చి, మామూలు కరెంటు ఎక్కించుకునేది. అలాంటి రోజుల్లో బిక్షం ఆ దీపం వైపు చూసేవాడు కాదు.

మిగతా రోజులన్నీ ఆయనవే. తెల్లవారుజామున ప్యానెళ్లు కడగడం, పిట్టల రెట్టలు గీకడం, తీగలు బిగువుగా ఉన్నాయో లేదో వేలితో తట్టి చూడటం. పదకొండింటికి కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, చార్జరు నుంచి వచ్చే సన్నటి జుమ్మనే శబ్దం వింటూ కునుకు తీసేవాడు. ఇంట్లో ఆయనకంటూ మిగిలిన పని అదొక్కటే. బాలమ్మ వంటింట్లోకి రానివ్వదు. బజారుకు పంపితే ఒకటి చెబితే ఒకటి తెస్తాడని పంపదు.

ఆ ఒక్క పనీ మొన్న వేసవిలో చేయి జారబోయింది.

కల్పలతకు అంతకుముందు నుంచే ఒక భయం ఉంది. తండ్రి రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. ఒకసారి, తనతో పాటు పనిచేసిన యుగంధర్‌కు ఫోన్ కలపమన్నాడు. యుగంధర్ పోయి అప్పటికి రెండేళ్లు. "అవును గద," అనుకుని ఆయనే నవ్వేశాడు. కూతురు నవ్వలేదు. ఆమె రోజూ చూసే ఇళ్లలో ఇది ఎలా మొదలవుతుందో, ఎక్కడికి వెళుతుందో ఆమెకు తెలుసు. డాబా మీద పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. పైన నాలుగువందల వోల్టుల కరెంటు. ఆయన్ని పైకి ఎక్కకుండా ఆపాలని ఆమె మనసులో అనుకుంటూనే ఉంది. ఆపితే ఆ మనిషిలో ఏమి మిగులుతుందో తెలియక ఆగింది.

బిక్షం దగ్గర ఒక పాత అలవాటు ఉంది. ప్యానెళ్ల మీద నీళ్లు పోయడానికి ముందు, ఎండ రాకముందే, డాబా మీద మెట్ల గది గోడకున్న పెట్టె తెరిచి స్విచ్చు దించుతాడు. అక్కడితో ఆగడు. ఫ్యూజు కూడా పీకుతాడు. సుద్దముక్కంత తెల్లటి పింగాణీ గొట్టం, రెండు కొసలా లోహపు టోపీలు. దాన్ని చొక్కా జేబులో వేసుకుంటాడు. రైల్వేలో చేరిన మొదటి రోజు మేస్త్రీ నేర్పిన పాఠం అది. బోగీ కిందికి దూరేవాడు ఫ్యూజు పీకి తన జేబులోనే పెట్టుకోవాలి. పెట్టె మీద పెడితే, పైనున్న ఎవడో లైటు వెలగడం లేదని తిరిగి బిగిస్తాడు. కింద చేతులు పెట్టినవాడు అక్కడే ఉండిపోతాడు.

ప్యానెళ్లు పెట్టిన ఉదయ్ భాస్కర్ అనే కుర్ర టెక్నీషియన్ చెప్పి చూశాడు. "అంకుల్, స్విచ్చు దించితే చాలు. ఫ్యూజు తియ్యాల్సిన పని లేదు."

"స్విచ్చు ఎవ్వడన్న ఏస్తడు బాబూ. నా జేబుల చెయ్యి ఎవ్వడు పెడతడు?"

అలాగే సాగింది.

మార్చిలో ఒక గురువారం. ఎనిమిది ప్యానెళ్లు కడగడం అయింది, రెండు మిగిలాయి. అప్పుడు కింది నుంచి బాలమ్మ కేక.

"నల్లా వచ్చిందీ!"

రోజు విడిచి రోజు, అదీ గంటసేపు వచ్చే నీళ్లు. ఆ కేక వింటే సికింద్రాబాదులో మంచం పట్టిన మనిషి కూడా లేచి బిందె వెతుక్కుంటాడు. బిక్షం కర్ర అక్కడే వదిలి పరుగెత్తాడు. ఆ రోజు నీటిలో ఒత్తిడి లేదు. పైపు నోట్లో పెట్టుకుని గాలి పీల్చి, సంపులోకి వంచి, డ్రమ్ములోకి మళ్లించి, పక్కింటివాళ్ల మోటారు మన నీళ్లు లాగేస్తోందని గొడవపడి, అన్నీ అయ్యేసరికి ఎనిమిది దాటింది. తడిసిన ఖాకీ చొక్కా విప్పి స్నానాల గది తలుపు వెనక మేకుకు తగిలించాడు. స్నానం చేశాడు. ఉప్మా తిన్నాడు. పైన రెండు ప్యానెళ్లు మిగిలిన సంగతి గుర్తుంది, సాయంత్రం కడగొచ్చులే అనుకున్నాడు. జేబులో ఉన్నది గుర్తు లేదు.

ముందురోజంతా మబ్బు. కల్పలత పదింటికి వచ్చేసరికి కారులో ఐదు శాతం మిగిలింది. తీగ తగిలించి పైకెళ్లి పడుకుంది. చార్జరు మీద నీలం దీపం మినుకుమంటూనే ఉంది. ఫోను చూసినా తెలిసేది. ఆమె చూడలేదు. నాయిన ఉండగా చూడటం ఆమెకు అలవాటు లేదు. బిక్షం ఆ రోజు కుర్చీ వేసుకోలేదు. నీళ్లు పట్టిన అలసటకు లోపలే కునుకు పట్టింది.

నాలుగుంబావుకు కారు ఎక్కితే అదే ఐదు.

బోయిన్‌పల్లిలో కమలాబాయి ఎదురుచూస్తోంది. డెబ్బై రెండేళ్ల మనిషి, మార్కెట్టు వెనక సందులో మొదటి అంతస్తు. కొడుకు ఉల్లిగడ్డల దుకాణంలో ఉంటాడు. మోకాలి ఆపరేషను తర్వాత మొదటిసారి ఆ సాయంత్రం మెట్లు దిగాలి. మార్కెట్టు గేటు దాకా నడవాలి. వారం రోజులుగా ఆ రోజు గురించే మాట్లాడుతోంది. ఐదు శాతంతో అక్కడికి చేరొచ్చు, చేరకపోవచ్చు. కల్పలత ఆటో కోసం ఫోనులో వెతికింది. ఇద్దరు వస్తామని రాలేదు. మూడోవాడు వచ్చాడు కానీ దారి రాలేదు. కమలాబాయికి ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు.

నలభై నిమిషాలు ఆలస్యం. సందు తిరగ్గానే కనిపించింది. కమలాబాయి ఐదు మెట్లు తనంతట తాను దిగింది. ఆరో మెట్టు దగ్గర కాలు వినలేదు. పైకి ఎక్కలేదు, కిందికి దిగలేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఆ మెట్టు మీద కూర్చుంది. పైన గదిలో ఫోను మోగడం ఆమెకు వినిపిస్తూనే ఉంది.

తిడుతుందనుకుంది కల్పలత. తిడితే బాగుండేది. "వచ్చినవా బిడ్డా," అని మాత్రం అంది కమలాబాయి. ఆమె వేళ్లను కమ్మీ నుంచి ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున బిక్షం పెట్టె తెరిచాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ.

"దొంగలు పడ్డరు!" అన్నాడు.

ఆయన అలా అనడంలో ఆశ్చర్యం లేదు. ఆ ముప్పై నాలుగేళ్లలో దొంగలు ఆయన్ని వదిలింది లేదు. డైనమో బెల్టులు కోసుకుపోయి చెప్పుల అడుగులకు వేసుకునేవాళ్లు. రాగి తీగ కనిపిస్తే పొద్దుటికి ఉండేది కాదు. పోయిన ప్రతి వస్తువుకూ ఒక దొంగ ఉంటాడని ఆయన చేతులకు తెలుసు.

"ఫ్యూజు ఎవడు దొంగిలిస్తడు నాయినా?" అంది కల్పలత.

"గా పక్కింట్ల రంగులేసేటోడు. నిన్న గోడ మీదికెల్లి ఇటే చూస్తుండె."

"వానికి గోడకు సక్కగ సున్నమేసుడే రాదు, నీ ఫ్యూజు ఏం జేసుకుంటడు?" అంది బాలమ్మ.

ఉదయ్ భాస్కర్ వచ్చి కొత్త ఫ్యూజు వేశాడు. వెళ్తూ మెల్లగా అన్నాడు. "అంకుల్, మీరే తీసి ఎక్కడైనా పెట్టారేమో ఒకసారి చూడండి."

"నేనా? మూడు తరాల బోగీలు చూసిన. ఒక్క ఫ్యూజు పోగొట్టలె."

ఆ రెండు రోజులూ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. రంగులేసే మనిషి నిచ్చెన ఎక్కినప్పుడల్లా గట్టిగా దగ్గాడు.

మూడో రోజు బట్టలు ఉతికే రోజు. పెరట్లో బండ మీద బాలమ్మ ఖాకీ చొక్కా ఎత్తి ఒక్కటి వేసింది. టక్కుమంది. బొత్తాము చప్పుడు కాదది.

నల్లా వస్తే వీధంతా వినపడేలా అరిచే మనిషి, అప్పుడు ఒక్క మాట అనలేదు. తడి అరచేతిలో దాన్ని తెచ్చి, ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. బూట్లు వేసుకుంటున్న కల్పలత చెయ్యి లేసు మీదే ఆగింది. తెల్లటి చిన్న గొట్టం. దాని చుట్టూ బల్ల మీద నీళ్లు ఒక చిన్న మరకలా పాకాయి. ముగ్గురూ దాన్నే చూశారు. అవతల గోడ మీద రంగులేసే మనిషి పాట పాడుకుంటున్నాడు.

"ఒకటో తారీఖు నుంచి సోలార్ కంపెనీ మనిషొచ్చి కడుగుతడు," అంది కల్పలత. కోపంగా అనలేదు. పేషెంట్లతో మాట్లాడే గొంతుతో అంది. "నువ్విగ మీదికి ఎక్కకు నాయినా."

బిక్షానికి తగిలింది ఆ గొంతే. ఆ సాయంత్రం గోడ దగ్గరికెళ్లి, రంగులేసే మనిషికి ఒక చాయ్ ఇచ్చి వచ్చాడు. ఎందుకిస్తున్నాడో వాడికి తెలియదు.

రెండు రోజులాగి కూతురితో అన్నాడు. "నన్ను బోయిన్‌పల్లికి తీస్కపో."

అక్కడ కమలాబాయి మెట్ల పైన కుర్చీలో ఉంది. ఆయన పైదాకా వెళ్లలేదు. పైనుంచి లెక్కపెట్టినట్టు చూసి, కూతురు చెప్పిన ఆరో మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఆ దినం నువ్వు గీడ కూసున్న నలభై నిమిషాలు నా జేబుల ఉండె," అని మొత్తం చెప్పాడు. నల్లా, చొక్కా, రంగులేసే మనిషి. ఏదీ దాచలేదు.

కమలాబాయి వింది. ముఖం ముడుచుకుని విన్నది కాస్తా, దొంగ దాకా వచ్చేసరికి పగలబడి నవ్వింది. "నా నలభై నిమిషాలు జేబుల ఏసుకున్నవా? ఇంకేమేమున్నయో చూడు. మా వాని గల్లాపెట్టె తాళాలు రెండు దినాల సంది కనవడ్తలేవు."

తర్వాత చాయ్ పెట్టిస్తానని లేచింది. లేవడానికి చేతికర్ర అందుకుంది. కర్ర పిడికి ఎర్ర దారంతో ఒక తాళంచెవి కట్టి ఉంది. బిక్షం చూపు దాని మీద పడింది.

"గిదేందమ్మా?"

"నీ బిడ్డ కట్టింది. నేను కర్ర మర్చిపోయి గోడ పట్టుకొని పోతున్ననంట. ఇప్పుడు తలుపుకు తాళమెయ్యాలంటే చెవి కావాలె. చెవి కావాలంటే కర్ర పట్టాలె. మర్చిపోయెటోళ్లను కూసుండవెట్టొద్దంటది నీ బిడ్డ. మర్చిపోరాకుండ ముడి ఎయ్యాలెనంట."

కల్పలత గోడ మీద క్యాలెండరు చూస్తోంది. చాలా శ్రద్ధగా చూస్తోంది.

తిరుగు దారిలో సిగ్నలు పడింది. అప్పుడు అడిగాడు బిక్షం. "నీ పేషెంట్లకొక కానూను, నాయినకొక కానూనా బిడ్డా?"

ఎర్ర దీపం ఆకుపచ్చ అయింది. వెనక బండి హారను కొట్టింది.

"ఒక్క నెల," అంది. "నెల చూస్త."

"నెల చానా," అన్నాడు ఆయన.

మర్నాడు పైన పెట్టె లోపల, ఫ్యూజు పక్కనే, ఒక మేకు దిగింది. ఏర్పాటు ఇదీ. పైకి వెళ్లేటప్పుడు కింది కొక్కానికున్న కారు తాళం తీసుకెళ్తాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, తాళం ఆ మేకుకు తగిలిస్తాడు. తాళం కిందికి రావాలంటే పెట్టె తెరవాలి. పెట్టె తెరిస్తే ఖాళీ చోటు కళ్లెదుటే ఉంటుంది. ఆయన మరిచిపోయినా కల్పలతకు మరిచిపోవడం కుదరదు, తాళం లేనిదే ఆమె పని కదలదు. ఒంటిలైను మీద డ్రైవరు చేతికి స్టేషను మాస్టరిచ్చే టోకెను అందితేనే బండి కదిలేది కదా, అదీ అలాంటిదే అన్నాడు. రెండో తాళం బాలమ్మ బీరువాలో, పట్టుచీరల మడతల్లో ఉంది. అది అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నెల గడిచింది. ఇంకో ఏడు నెలలు గడిచాయి. ఆయన మతిమరుపు ఎక్కడికీ పోలేదు. జూలైలో ఒకసారి నల్లా కేకకు మళ్లీ అలాగే పరుగెత్తాడు. ఆరున్నరకు కల్పలత చెయ్యి ఖాళీ కొక్కానికి తగిలింది. "నాయినా!" అని ఒక్క కేక. ఆయన డ్రమ్ము దగ్గర పైపు వదిలేసి పైకెళ్లాడు, ఫ్యూజు బిగించాడు, తాళంతో దిగాడు. మొత్తం ఒక నిమిషం. కంపెనీ మనిషి ఊసు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇందులో కల్పలత ఎప్పుడో చెప్పింది పోగా, మిగతాదంతా ఆయన పని ఆపకుండానే చెప్పాడు. చివరి ప్యానెలు కూడా తడిసి మెరిసింది. తూర్పున నీళ్ల ట్యాంకుల వెనక నుంచి మొదటి ఎండ వచ్చి, గాజు పలకల మీద ఒకదాని తర్వాత ఒకటిగా, తలుపులు తడుతున్నట్టు నడిచింది. అప్పటికే ఆయన పెట్టె దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి ఫ్యూజు తీసి, చొక్కాకు తుడిచి, చోట్లో పెట్టి, స్విచ్చు ఎత్తాడు. ఎక్కడో లోపల ఒక చిన్న టిక్కు.

"షురూ," అన్నాడు.

మేకు నుంచి తాళం తీశాడు. చేతులు తడిగా ఉన్నాయి, పైపు ఇంకా చుట్టాలి. "జెర పట్టుండ్రి సారూ," అని తాళం నాకిచ్చాడు. నేనూ పైపు రెండో కొస పట్టుకుని చుట్టించాను. కిందికి దిగితే బాలమ్మ చాయ్ సిద్ధంగా ఉంచింది. ఆయన గ్లాసు వైపు వేలు చూపించి నాతో అంది, "మీరే సాక్ష్యం. ఇది నాలుగోది."

"మూడోది," అన్నాడు బిక్షం.

కమలాబాయి గురించి అడిగాను. కర్ర వదిలేసింది, తాళంచెవి ఇప్పుడు చీర కొంగుకు కట్టుకుంటోందట. ఇవాళ ఎండ ముదరకముందే మార్కెట్టంతా ఒక చుట్టు తిరుగుతుందట. ఆమె వెనక నడవడానికే కల్పలత ముందు అక్కడికి వెళ్తోంది.

నేను సెలవు తీసుకుని గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. కల్పలత సంచి భుజానికి తగిలించుకుని వచ్చి, అలవాటుగా కొక్కెం వైపు చెయ్యి చాచింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

"నాయినా, తాళమేది?"

బాలమ్మ గ్లాసులు కడగడం ఆపింది. కల్పలత తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఆ మార్చి నెల గురువారం మొత్తం ఉంది. పైన ఆయన స్విచ్చు ఎత్తడం ఆమె చూడలేదు.

బిక్షం జేబు తడుముకోలేదు. డాబా వైపు చూడలేదు. గ్లాసులో మిగిలిన చాయ్ తీరిగ్గా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, గేటు దగ్గరున్న నా వైపు తిరిగాడు. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"సారూ, తాళం మీ కుడి జేబుల ఉన్నది. నాకు యాదున్నది, మీకే లేదు. ఇచ్చి పోండ్రి, గాడ కమలాబాయి మెట్ల మీద నిలవడి ఉంటది."